మగ్గం గుంటలో ఒక షాట్

కెమెరా నేర్పిస్తామని పిలిచి, మొదటి వారమంతా మా చేతులు ఒక నల్ల సంచిలో పెట్టించారు. సంచికి రెండు చేతుల తొడుగులు, లోపల రెండు పొరల మందపు గుడ్డ. అందులో పాడైపోయిన ఫిల్మ్ చుట్ట ఒకటి, ఖాళీ చక్రం ఒకటి. కళ్లతో చూడకుండా వేళ్లతోనే ఫిల్మ్ అంచు వెతికి, చక్రం గాడిలో దోపి, బిగుతు సడలకుండా చుట్టాలి. సినిమా అంటే హీరోయిన్లను దగ్గర్నుంచి చూడొచ్చని చేరినవాళ్లు నాలుగో రోజుకే మాయమయ్యారు. మిగిలింది మొండివాళ్లం. నేను నేతగాడి కొడుకును, చిన్నప్పుడు అవ్వ పక్కన, అంటే మా అమ్మ పక్కన, కూచుని నూలు కండెలు చుట్టినవాణ్ణి కనుక నా వేళ్లు త్వరగానే దారికొచ్చాయి. అందుకు ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. నేను ఉర్దూ అలిఫ్ బే లతో చదువు మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి మారి, రెంటికీ చెడకుండా ఎలాగో కరీంనగర్ కాలేజీ దాకా వచ్చాను. సర్కారు వాళ్ల ప్రచార బండి ఒకటి ఊరూరా తిరుగుతూ తెర కట్టి బొమ్మలు చూపించేది. ఆ బండితోపాటు వచ్చిన కెమెరా సారు, వానలు వెనకబట్టాక బండి మరమ్మతుకు పోవడంతో రెండు నెలలు కరీంనగర్‌లోనే మకాం వేయాల్సి వచ్చింది. ఊరికే ఉండలేక, ఉత్సాహమున్న విద్యార్థులకు నాలుగు ముక్కలు నేర్పుతానని మా ప్రిన్సిపాల్‌ను అడిగి ఒప్పించాడు. అదీ మా సినిమా చదువు.

సారు కోస్తా మనిషి, మద్రాసు స్టూడియోల్లో చాలా ఏళ్లు పనిచేసినవాడు. ఆయన భాషకు మేం చాటుగా నవ్వుకునేవాళ్లం, మా భాషకు ఆయన ఎదురుగానే నవ్వేవాడు. కానీ పనిలోకి దిగితే ఆయన ముందు తుమ్మడానికి కూడా భయమేసేది. కెమెరా మీద ఫిల్మ్ ఉండే చోట ఒక గీత ఉంటుంది, అక్కడ టేపు పెట్టి మనిషి కంటి దాకా కొలవాలి. కొలిచిన అంకెను లెన్స్ మీద తిప్పాలి. వెలుతురు కొలిచే మీటరును మనిషి మొహం దగ్గర పెట్టి చదవాలి, ఆకాశం వైపు పెట్టి కాదు. మూడుకాళ్ల స్టాండు మీద చెయ్యి ఆనించి నిలబడకూడదు. ఇవన్నీ అయ్యాక ఖాళీ కెమెరాతో రిహార్సల్. ఒకటి కాదు, ఆయనకు తృప్తి కలిగిందాకా.

"ఫిల్మంటే మంచినీళ్లు కాదయ్యా, ముంచుకుని పారబోయడానికి," అనేవాడు. "తిప్పేది ఒక్కసారే తిప్పాలి. దానికి ముందు పదిసార్లు చూసుకోవాలి."

ఆ కెమెరా గడియారంలా చావి ఇచ్చి తిప్పేది. పూర్తిగా చావి ఇస్తే అర నిమిషం గర్రుమని తిరిగి ఆగిపోతుంది. చప్పుడు పట్టుకోదు, ఉత్త బొమ్మే. అయినా సారు సైలెన్స్ అనేవాడు, కెమెరా అనేవాడు, క్లాప్ కొట్టించేవాడు, ఆ తర్వాతే యాక్షన్. శబ్దమే లేనప్పుడు క్లాప్ దేనికని నేను అడిగాను. నోరు ఊరుకోదు కదా నాది.

"పలక మీద నంబరు ఉండాలి, లేకపోతే రేపు ఏ ముక్క ఎవరిదో తెలియదు," అన్నాడు.

"నంబరు చూపిస్తే చాలు కద సార్, కొట్టుడెందుకు?"

"అలవాటు తప్పకూడదు. మీలో ఒక్కడైనా మద్రాసు పోతే, క్లాప్ లేకుండా తీసే బడి ఎక్కడిదిరా అని నన్ను తిడతారు."

క్లాప్ కొట్టే పని మా జట్టులో ఆదిలాబాద్ మిత్రుడిది. మహారాష్ట్ర సరిహద్దు ఊరివాడు, ఏం చెప్పినా ముందు మరాఠీలో "బరం బరం", సరే సరే అని తలూపి ఆ తర్వాత ఆలోచించేవాడు. వాడికి ఆ నల్ల పలక అంటే ప్రాణం. రెండు చెక్కలూ కలిసి టప్పుమన్నప్పుడల్లా వాడి మొహం వెలిగిపోయేది. ఇంత చిన్న చప్పుడుకు అంత మంది ఊపిరి బిగబట్టి నిలబడతారన్నది వాడికి పెద్ద వింత.

చివర్లో సారు మాకొక అవకాశమిచ్చాడు. మిగిలిన ఒకే ఒక ఫిల్మ్ చుట్టను నల్ల సంచిలోనే మూడు ముక్కలు చేసి, చివరిదాకా నిలిచిన మా ముగ్గురికీ పంచాడు. తలా ఒక నిమిషం లోపే వస్తుంది. ఎవరికిష్టమైంది వాళ్లు తీసుకోవచ్చు. ఒకడు వేములవాడలో గుడి చుట్టూ కోడెను తిప్పే కోడె మొక్కు తీస్తానన్నాడు. ఆదిలాబాద్ మిత్రుడు హుజూరాబాద్ అంగడిలో ఎడ్ల బేరం తీస్తానన్నాడు. గుడ్డ కింద చేతులు పెట్టుకుని, వేళ్లు పట్టుకుని బేరమాడే చోటు వాడికి బాగా నచ్చింది. నేను మాత్రం మా బాపును, మా నాన్నను, తీస్తానన్నాను.

అందుకు కారణముంది. మా ఊరు వేములవాడకు దగ్గరే. మగ్గాల ఊరు. మా ఇంటి ముందరి అర్రలో గుంట మగ్గం, ఆ గుంటలో కాళ్లు దించుకుని బాపు. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి ఆయన మొహాన్ని నేను ఎక్కువగా చూసింది అక్కడే. అయితే ఊళ్లోకి కరెంటు మగ్గాలు వచ్చాయి. చేతి మగ్గానికి నూలు అందడం కష్టమైంది. ఒక సేటు షెడ్డులో పనికి కుదురుకుంటానని బాపు మాటిచ్చేశాడు. మగ్గం మీదున్న ఆ చివరి చీర దిగగానే కట్టె విప్పేసి, గుంట పూడ్చేయాలని ఇంట్లో అనుకున్నారు. బాపుకు అంతవరకు ఒక్క ఫోటో కూడా లేదు. మగ్గం మీద ఆయన మొహం నాకు కావాలి, అది పోకముందే కావాలి. అంతకంటే పెద్ద ఆలోచనేమీ నా బుర్రలో లేదు.

మగ్గం మీద బాపు మామూలు మనిషి కాదు. బయట మాట పెగలని మనిషి, గుంటలో దిగితే పోగులతో మాట్లాడేవాడు. తెగిన పోగును పట్టుకుని, "ఏందే, నీకేం పుట్టింది? నిన్నటిసంది సూస్తున్న, నీ నకరాలు ఎక్కువైనయ్," అని తిట్టి, అతికించి, తలెత్తి తనలో తాను నవ్వుకునేవాడు. ఎదురుగా కండెలు చుట్టే అవ్వ, "పోగులతోని ముచ్చట వెడ్తవ్, నాతోని మాట్లాడనీకి మాత్రం నోరు రాదు," అని దెప్పేది. ఆ నవ్వు నాకు కావాలి. మాట ఎలాగూ రాదు, నవ్వైనా రావాలి.

సంగతి చెప్పడానికి ముందుగా ఇంటికి వెళ్లాను. బాపు అంతా విని చాలాసేపు నాడె అంచును బొటనవేలితో రుద్దుతూ కూచున్నాడు. మా దగ్గర నాడె అంటే పేక నూలు మోస్తూ పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే కట్టె.

"నన్నెందుకురా? మంచిగున్నోళ్లు లేరా ఊర్ల?"

"నువ్వే గావాలె బాపు."

"కొత్త అంగి తొడుక్కోవాల్నా?"

"వద్దు. రోజు ఎట్లుంటవో గట్లనే ఉండు."

"గట్లయితే సినిమా ఎట్లయితది?" అని నమ్మకం లేనట్టు చూశాడు. అవ్వ మాత్రం, "పోరడు అడుగుతుండు, కూసోరాదూ? నీ సొమ్మేం పోతది?" అని ఒప్పించింది.

మా అర్రలో చీకటి. మగ్గమున్న చోట మీటరు ముల్లు కదలనే కదలదు. సారుతో ముందే చెబితే, పైకప్పు చూసి రమ్మన్నాడు. గూనపెంకుల ఇల్లు. షూటింగ్ రోజు పొద్దున్నే బాపు తానే పైకెక్కి, మగ్గానికి సరిగ్గా పైన నాలుగు వరుసల పెంకులు తీసి పక్కన పేర్చాడు. పెళ్లికి పందిరి వేస్తున్నంత శ్రద్ధగా చేశాడు ఆ పని. మధ్యాహ్నానికి అక్కడి నుంచి ఎండ నేరుగా మగ్గం మీద పడింది. అవ్వ తెల్ల ధోవతి ఒకటి రెండు కట్టెలకు కట్టి గోడవార నిలబెడితే, బాపు మొహం మీద నీడ కూడా మెత్తబడింది. సారు మీటరు చూసి తలూపాడు. ఎండ మగ్గం మీద ఉన్నంతసేపే మన టైమని, తర్వాత గోడెక్కుతుందని చెప్పాడు.

నేను టేపు పట్టుకుని బాపు కంటి దాకా కొలిచాను. "కన్ను గుచ్చకురా," అన్నాడు. వాకిట్లో సగం వాడ గుమిగూడింది. సారు వాళ్లను గడప దాటనివ్వలేదు.

రిహార్సల్ మొదలైంది. ఖాళీ కెమెరా వెనక నేను, దాని చిన్న కిటికీలోంచి చూస్తున్నాను. మొదటిసారి బాపు బిగుసుకుపోయి, అతిథి ముందు కూచున్నట్టు కూచున్నాడు. రెండోసారి కొంచెం సడలాడు. మూడోసారి మమ్మల్ని మరిచిపోయాడు. నాడె అటూ ఇటూ ఉరుకుతోంది, కాళ్లు కింద తొక్కుతున్నాయి, ఒక పోగు మొరాయిస్తే, "నువ్వు గూడ ఇయ్యాల్నే దొరికినవానే, సార్లు వచ్చినంక?" అని తిట్టి తలెత్తి నవ్వాడు. కెమెరా కిటికీలో ఆ నవ్వు ఎంత దగ్గరగా, ఎంత తేటగా ఉందని. సారు కూడా నా భుజం మీద చెయ్యేసి, "ఇదే. ఇదే తీయి," అన్నాడు. అప్పుడు కెమెరాలో ఫిల్మ్ లేదు.

ఫిల్మ్ ఎక్కించాను. నా వేళ్లు ఎక్కడా తడబడలేదు. చావి ఇచ్చాను. బాపు నేస్తూనే ఉన్నాడు. సారు సైలెన్స్ అన్నాడు. వాకిట్లో జనం ఊరుకున్నారు. కెమెరా అన్నాడు. నేను నొక్కాను. ఆదిలాబాద్ మిత్రుడు పలకను బాపు మొహం ముందుకు చాచి టప్పున కొట్టాడు.

మగ్గం ఆగిపోయింది.

నేసేవాళ్ల ఇంట్లో పుట్టనివాళ్లకు ఇది చెప్పడం కష్టం. మగ్గానికి ఒక లెక్క ప్రకారం చప్పుడుంటుంది. అందులో పరాయి చప్పుడు ఒక్కటి వినిపించిందా, పోగు తెగిందనో, నాడె ఎక్కడో తగిలిందనో అర్థం. చూడకుండా ఇంకొక్కసారి నాడె విసిరితే పదుల పోగులు తెగుతాయి. అందుకని నేతగాడి చెయ్యి తనకు తానే ఆగుతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. రిహార్సల్లో మేం క్లాప్ కొట్టలేదు. రిహార్సల్లో కొట్టరు కూడా. ఆ చప్పుడు బాపు వినడం అదే మొదలు. చేతులు ఆగాయి, నడుము వంగింది, మొహం పడుగు మీదికి వాలిపోయింది. కెమెరా కిటికీలో నాకు మిగిలింది ఆయన తలకు చుట్టుకున్న తువ్వాల, మెడ, పోగుల మధ్య వెతుకుతున్న వేళ్లు.

ఆపేయాల్సింది. ఇప్పుడు తలెత్తుతాడు, ఇప్పుడు ఎత్తుతాడు అనుకుంటూ నొక్కిపట్టాను. సారు కట్ అని అరిచేసరికి చావి దానంతట అదే అయిపోయింది.

"బాపూ, గది పలక చప్పుడు. పోగు తెగలే. నువ్వు నెయ్యి," అన్నాను.

"నాకు చెప్తున్నవారా?" అన్నాడు తలెత్తకుండా. "ఇనవడ్డది నాకు. జర ఆగుర్రి, సూస్త."

"ఏం తెగలే బాపు, దండం వెడ్త."

"ఆఖరు చీర బిడ్డా ఇది. దీన్ల తప్పు వోతే ఎట్ల?"

మొండితనం నాకు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఎండ చూస్తుండగానే మగ్గం అంచుకు జరిగింది. ఇంకో అయిదు నిమిషాలైతే మొహం మీద వెలుతురే ఉండదు. సారు గాభరాగా, "క్లాపూ లేదు, ఏమీ లేదు. మిగిలింది తిప్పేయి, తలెత్తుతాడు," అన్నాడు. అన్నేళ్ల మద్రాసు అలవాటును ఆయన అప్పుడు వదులుకున్నాడు. ఒక్క షాట్ ముందు వదులుకుని ఉంటే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చావి ఇచ్చి మళ్లీ నొక్కాను. బాపు ఒక్కొక్క పోగునే వేలితో మీటుతూ, ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తున్నాడు. తువ్వాల, మెడ, వేళ్లు. కెమెరా లోపల ఫిల్మ్ తోక విడిచిన చప్పుడు వినిపించింది. నా వంతు అయిపోయింది.

అప్పుడు తలెత్తాడు బాపు. "ఏం తెగలే," అని, ఒకసారి అవ్వను, ఒకసారి నన్ను చూసి పకపకా నవ్వాడు. ఎండ ఇంకా ఆయన మొహం మీదే ఉంది.

ఇంకో చుట్ట లేదు. సారు రెండు రోజుల్లో బండి తీసుకుని ఆదిలాబాద్ వైపు వెళ్లిపోయాడు. అదే వారంలో చీర దిగింది, కట్టె విప్పారు, గుంటలో మట్టి పోశారు. బాపు తీసిన పెంకులు మళ్లీ తానే కప్పాడు.

ఫిల్మ్ మద్రాసు పోయి కడిగి వచ్చేసరికి నెలలు పట్టింది. సారు మాట నిలబెట్టుకుని మళ్లీ వచ్చి, కాలేజీ హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టించి మా బొమ్మలు వేశాడు. బాపును రమ్మని ముందే చెప్పి పంపాను. షెడ్డులో సెలవు ఇవ్వలేదు. రెండు మరమగ్గాలు ఆయన చేతి కింద తిరుగుతున్నాయట, వదిలి ఎలా వస్తాడు. అవ్వ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఎడ్ల బేరం బ్రహ్మాండంగా వచ్చింది. కోడె మొక్కు కూడా ఫర్వాలేదు. తర్వాత నాది. తువ్వాల, మెడ, వేళ్లు. కాసేపు తెల్లతెర. మళ్లీ తువ్వాల, మెడ, వేళ్లు. సారు దీపం వేసి, "ఫోకస్ బాగా కుదిరింది. వెలుతురు కూడా కుదిరింది," అని ఆగాడు. ఆయన మంచివాడు, మిగతాది అనలేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది. ఏడుస్తోందో, సిగ్గుపడుతోందో చీకట్లో నాకు తెలియలేదు.

ఇద్దరం బస్సులో తిరిగొచ్చాం. ఇంటికి వెళ్లేసరికి బాపు షెడ్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటున్నాడు. చెవుల్లో దూది తీయలేదింకా. ఆ మరమగ్గాల హోరుకు దూది పెట్టుకునేవాడు.

"ఎట్లున్న?" అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "ఎట్లుంటవ్? నీ తీరుగనే ఉన్నవ్. నీ మొకమే సూసుకుంట కూసున్న."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఎంతసేపు నవ్వాడో. నేను అవ్వ వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అది అబద్ధమని నేనెలా అంటాను? ఆయన అప్పటికే పక్కింటి అరుగు మీదికి వెళ్లి, గోడ మీద అంత పెద్దగా కనబడ్డానట అని చెబుతున్నాడు.

ఆ ఒక్క మాటతో పెద్ద చిక్కు వచ్చి పడింది. చెల్లె పెళ్లిలో ఫోటోలు తీసేవాడు వస్తే బాపు పక్కకు తప్పుకున్నాడు. "పిల్లది, పిలగాడు పడాలె గని, నేనెందుకు? నా బొమ్మ సిన్మాల ఉన్నది," అన్నాడు. వేములవాడ జాతరలో రంగు పరదా ముందు కూచోమంటే అదే మాట. నాకు మాస్టరు ఉద్యోగం వచ్చాక తోటి మాస్టరు దగ్గర కెమెరా అడిగి తెచ్చి బతిమాలాను. "ఒక్క మనిషికి ఎన్ని బొమ్మలురా? రీలు ఖరాబు చెయ్యకు," అని నాకే బుద్ధి చెప్పాడు. ఫిల్మంటే మంచినీళ్లు కాదన్న సంగతి ఆయనకూ తెలిసిపోయింది, నా ఖర్మ కాకపోతే. నిజం చెబితే కూచునేవాడేమో. కానీ షెడ్డులో ఆ హోరులో, ఆ దూది చెవులతో, ఆయనకున్న సంబరం అదొక్కటే. దాన్ని నా నోటితో తీసేయడం నా వల్ల కాలేదు, అవ్వ వల్లా కాలేదు.

కొన్నేళ్లకు ఊపిరితిత్తులు పాడై బాపు పోయాడు. దినాలకు పెట్టడానికి ఒక ఫోటో లేదు. ఆ రీలు కోసం సారు పనిచేసిన చోటికి హైదరాబాద్ వెళ్లాను. సారు ఎప్పుడో రిటైరయ్యాడు. విద్యార్థులు నేర్చుకోవడానికి తీసిన ముక్కలు ఎవరు దాస్తారని అక్కడి గుమస్తా అడిగాడు. దొరికినా అందులో ఉన్నది తువ్వాలే అని తెలిసీ వెళ్లాను. చివరికి కరీంనగర్‌లో బొమ్మలు గీసే ఒకాయన, మా చిన్నాయన మొహం చూసి, నేను చెప్పింది విని, ఒక పటం గీసిచ్చాడు. ముక్కు చిన్నాయనది, చూపు ఎవరిదో. నవ్వు గీయమన్నాను. దినాల పటానికి నవ్వు బాగుండదని ఆయన గీయలేదు.

అవ్వ ఆ పటాన్ని కాసేపు చూసి, పక్కన పెట్టింది.

"గా సిన్మాలకెల్లి ఒక్కటి తీయించకపోయినవ్ బిడ్డా. అండ్ల మంచిగున్నడు," అంది.

నాకు కోపం, దుఃఖం రెండూ కలిసి వచ్చాయి. "అండ్ల మొకమే లేదు కదనే అవ్వా. నువ్వు సూస్తివి కద. మొకం కనవడ్డదని బాపుకు చెప్పింది నువ్వే కద."

"అబద్ధం చెప్పిన అనుకుంటున్నవా?" అంది అవ్వ, నా వైపు తిరిగి. "వంగిండు. పోగు దేవులాడిండు. గట్ల వంగినప్పుడు ఆయన మొకం ఎట్లుంటదో నాకు తెల్వదా? పెండ్లైనకాడికెల్లి ఎదురుంగ కూసున్న. నాకు కనవడ్డది బిడ్డా."

ఆమెకు కనబడింది. అంతమందిలో టేపు పట్టి కొలిచి, లెన్స్ తిప్పి, కన్ను ఆనించి చూసినవాణ్ణి నేను. నాకు కనబడలేదు. ఇప్పటికీ బాపు మొహం తలుచుకుందామని కళ్లు మూసుకుంటే ముందు ఆ తువ్వాల వస్తుంది, తర్వాత మెడ, తర్వాత వేళ్లు. ఒక్కొక్క పోగునే మీటుతూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తుంటాడు. ఓపిగ్గా ఎదురుచూస్తాను. తలెత్తబోతాడు. సరిగ్గా అక్కడికి నా ఫిల్మ్ అయిపోతుంది.